బోరుకొచ్చిన బండి, బోరు కొట్టే లాప్‌టాప్

మొన్న సంక్రాంతికి సాలూరు వెళ్తూ నా పాత లాప్‌టాప్ కూడా సంచిలో వేసుకెళ్ళాను. 2015లో, నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా నాన్న ముప్పై రెండు వేలు పోసి కొన్నది. ఉద్యోగంలో చేరాక కంపెనీ ఇచ్చిన మిషనుతోనే పని జరిగిపోతోంది కాబట్టి ఇది హైదరాబాద్ రూములో అటకెక్కింది. ఇప్పుడు దింపడానికి ఒక కారణం ఉంది. మా పెదనాన్న మనవరాలు, అంటే మా అన్నయ్య కూతురు, ఈ ఏడాదే బీటెక్‌లో చేరింది. దానికి లాప్‌టాప్ కావాలి. అరవై వేలు పెట్టి వాయిదాల మీద కొత్తది తీసేద్దామని అన్నయ్య. వాయిదా అన్న మాట వింటే మా ఇంట్లో అందరి మొహాలూ అదోలా అయిపోతాయి. ఎందుకో తర్వాత చెప్తాను.

అరుగు మీద కూచుని స్విచ్ నొక్కాను. తిరిగే చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. పిన్ని అరిసెలు తెచ్చిచ్చింది, రెండు తిన్నాను, డెస్క్‌టాప్ అప్పుడు కనపడింది. బ్రౌజర్ నొక్కితే మళ్ళీ అరిసెలు తినాల్సిందే.

పెదనాన్న చూసి, "ఏటైందిరా దానికి?" అన్నాడు.

"ముసిలైపోయింది పెదనాన్నా. అన్నయ్య చెప్పినట్టు కొత్తది కొనెయ్యడమే."

"ముసిలైపోడం రోగమేట్రా? ఎక్కడ అరిగిందో సూసేవా, సూడకుండానే సెప్పేస్తన్నావా?"

ఏడేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఆఫీసులో సర్వర్ నెమ్మదిస్తే "ఎక్కడ ఆగుతోందో కొలిచి చెప్పండి, ఊహించకండి" అని జూనియర్లకి క్లాసు పీకేది నేనే. నా సొంత మిషను దగ్గరికొచ్చేసరికి కొలవకుండానే తీర్పు చెప్పేశాను. లారీ షెడ్డులో జీవితం గడిపిన మనిషి చేత చెప్పించుకోవాల్సొచ్చింది.

ఆయన షెడ్డులో నలభై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఇదే: ఉన్నదాన్ని బాగు చేయించాలా, మార్చెయ్యాలా? కాబట్టి ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

సాలూరు వేగావతి ఒడ్డున, తూర్పు కనుమల కాళ్ళ దగ్గరున్న ఊరు. ఒకప్పటి జమీందారీ. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకొచ్చాం, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు దాటి పి.కోనవలస దగ్గర ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి, కోరాపుట్, జయపురం. ఆ పైన బస్తర్. సముద్రం ఒడ్డున ఉప్పుంది, కొండల మీద ధాన్యం, అడవి సరుకూ ఉన్నాయి. రెండిటికీ మధ్య మేమున్నాం. పూర్వం ఆ సరుకుని బంజారాలు ఎడ్ల వీపుల మీద వేసుకుని నడిపించేవాళ్ళు. తర్వాత బండ్ల బాట పడింది, తర్వాత లారీల రోడ్డయింది. పాత లెక్కలో అది 43వ జాతీయ రహదారి, ఇప్పుడు 26వది.

రైలు మాటకొస్తే, బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు 1908-09లో విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 79 కిలోమీటర్ల లైను వేశారు. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకి ఒక కొమ్మ లాగారు. 1931కి పార్వతీపురం లైను కొండలు దాటి రాయపూర్ చేరింది. మా కొమ్మ మాత్రం కొండ కిందే ఆగిపోయింది. పట్టాలు ఆగిన చోట రోడ్డు బండికి పని మొదలవుతుంది. సాలూరు లారీల ఊరు కావడానికి నాకు తెలిసినంతలో పెద్ద కారణం అదే. లారీలకి విజయవాడ తర్వాత మా ఊరే అని మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. లారీ ఉంటే సరిపోదు కదా. ఘాట్ ఎక్కి దిగే బండికి బ్రేకులు, కమాన్‌కట్టలు, గేర్లు, టైర్లు అన్నీ తొందరగా అరుగుతాయి. అందుకని వెల్డర్లు, వడ్రంగులు, పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు, టింకరింగ్ వాళ్ళు ఒకళ్ళ పక్కన ఒకళ్ళు షెడ్లు వేసుకున్నారు. బాడీలు కట్టే పని అలా పెరిగింది.

అసలు కిటుకు ఈ బాడీ కట్టడంలోనే ఉంది. 1954లో టాటా వాళ్ళ టెల్కో, జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలెట్టింది. మద్రాసులో 1948లో పుట్టిన అశోక్ మోటార్స్, 1955లో అశోక్ లేలాండ్ అయింది. వీళ్ళ దగ్గర్నుంచి చాలా ఏళ్ళపాటు ఎక్కువగా బయటికొచ్చింది పూర్తి లారీ కాదు, ఛాసిస్. రెండు పొడుగాటి ఇనప దూలాలు, ఇంజను, గేర్‌బాక్సు, చక్రాలు, స్టీరింగు. అంతే. తలుపుల్లేవు, కప్పు లేదు. డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని, తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూచుని వందల కిలోమీటర్లు తోలుకొచ్చేవాడు. హైవే మీద అలాంటి అస్థిపంజరాల వరస మీరూ చూసే ఉంటారు. ఊరికొచ్చాక దానికి క్యాబిన్, తొట్టి, తలుపులు, రంగులు, వెనకాల "హారన్ ప్లీజ్" అన్నీ ఇక్కడి వాళ్ళ చేతుల మీదే.

అంటే లారీని రెండు ముక్కలుగా ఆలోచించారు. ఎక్కువ కాలం మన్నేది ఒక ముక్క, తొందరగా పాడయ్యేది ఇంకో ముక్క. రెండిటి మధ్యా బోల్టులున్నాయి. తొట్టి కుళ్ళితే తొట్టి మారుస్తారు, లారీని కాదు. ఇంజను పొగ కక్కుతూ ఆయిలు తాగేస్తుంటే "బండి బోరుకొచ్చింది" అంటారు. అరిగిన సిలిండర్‌ని బోరు చేసి కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. గోడ మరీ పలచబడితే లోపలి గొట్టమే మారుస్తారు. ఒక్కో బండి ఇలా రెండు మూడు జన్మలెత్తుతుంది.

ఇప్పుడు మన లోకానికొద్దాం. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ని తెచ్చినప్పుడు చేసిన పని దాదాపు ఇదే. లోపల ఖాళీ స్లాట్లు పెట్టింది, సర్క్యూట్ల వివరాలతో సహా టెక్నికల్ మాన్యువల్ అమ్మింది. ఎవడైనా కార్డు తయారు చేసి అందులో గుచ్చొచ్చు. మన అమీర్‌పేట సందుల్లోనూ, విశాఖ డాబాగార్డెన్స్‌లోనూ అసెంబుల్డ్ పీసీలు బిగించిన కుర్రాళ్ళు ఒకరకంగా సాలూరు బాడీ బిల్డర్లే. లాప్‌టాప్‌లు చిన్నవైనా మొదట్లో అదే దారిలో నడిచాయి. ర్యామ్‌కి ఒక మూత, హార్డ్ డిస్కుకి ఒక మూత, బ్యాటరీ అయితే చేత్తో లాగితే వచ్చేసేది.

బోల్టులు మాయమవడం మెల్లగా మొదలైంది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కవర్లోంచి మాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించినప్పుడు అందరూ దాని పలచదనం చూశారు. ర్యామ్ బోర్డుకే అతికించేశారన్న సంగతి అంతమంది పట్టించుకోలేదు. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అంటూ మిగతా కంపెనీలనీ అటు నడిపించింది. 2012 రెటీనా మాక్‌బుక్ ప్రోలో ర్యామ్ సోల్డరింగ్, బ్యాటరీకి జిగురు. ఇప్పుడు పలచటి లాప్‌టాప్ ఏది తీసుకున్నా ర్యామ్ మార్చుకునే వీలు చాలావాటిలో లేదు. ఊరికే మనల్ని ముంచడానికే ఇలా చేశారనీ అనలేం. దగ్గరగా అతికించిన మెమరీ తక్కువ కరెంటుతో ఎక్కువ వేగంగా పనిచేస్తుంది, బరువు తగ్గుతుంది. కాకపోతే "బాగు చేయించాలా, మార్చాలా" అన్న నిర్ణయం మన చేతిలోంచి జారి, మనం కొనకముందే ఫ్యాక్టరీలో జరిగిపోతోంది.

లారీల కథా అటే పోతోంది. ఫ్యాక్టరీలోనే కట్టిన క్యాబిన్లు పెరిగాయి. లారీ క్యాబిన్లకీ బాడీలకీ ప్రమాణాలొచ్చాయి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన సరుకు బళ్ళ క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది. మండుటెండలో ఘాట్ ఎక్కే డ్రైవరుకి అది మంచిదే, నేను కాదనను. క్యాబిన్ గట్టిగా ఉంటే ప్రాణాలు దక్కుతాయి కూడా. కానీ ఒక్కో బోల్టు ఫ్యాక్టరీలోకి వెళ్ళిపోతున్న కొద్దీ మా ఊళ్ళో ఒక్కో షెడ్డుకి పని తగ్గుతుంది. రెండు మాటలూ నిజమే.

సరే, నా లాప్‌టాప్. పెదనాన్న మాట పట్టుకుని టాస్క్ మేనేజర్ తెరిచి కూచున్నాను. ప్రాసెసర్ పన్నెండు శాతం దగ్గర బద్ధకంగా ఉంది. డిస్కు నూరు శాతం దగ్గర ఎర్రగా మండుతోంది. నాలుగు జీబీల ర్యామ్ నిండిపోయి, పట్టని సరుకునంతా మళ్ళీ ఆ డిస్కు మీదకే తోస్తోంది.

ఎందుకు నెమ్మదో చిన్న లెక్క. అది నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్కు, అంటే సెకనుకి 90 చుట్లు. ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తిరిగి రావడానికి సగటున సగం చుట్టు, ఐదున్నర. ముల్లు ఆ గాడికి జరగడానికి ఇంకో 12 వేసుకోండి. మొత్తం పదిహేడున్నర. అంటే చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్ళని సెకనుకి యాభై అరవై సార్లకి మించి అందుకోలేదు. మామూలు ఎస్సెస్డీ అదే పని సెకనుకి వేలల్లో, పదివేలల్లో చేస్తుంది, అందులో తిరిగేదేమీ లేదు కాబట్టి. ఘాట్ మలుపులో ఒక లారీ ఆగిపోతే వెనకున్నవి కొత్త బళ్ళయినా, ఎంత బలమైన ఇంజన్లున్నా హారన్ కొట్టుకుంటూ నిలబడాల్సిందే. నా ప్రాసెసర్ పాపం పదేళ్ళుగా హారన్ కొడుతోంది :-)

మరి 2015లో బానే నడిచిందే అంటారా? అప్పటి సరుకు వేరు. సాఫ్ట్‌వేర్ బరువెక్కే వేగం హార్డ్‌వేర్ వేగం పుంజుకునే దానికంటే ఎక్కువని నిక్లాస్ విర్త్ 1995లోనే రాశాడు. ఆ బరువెక్కించేది మనమే. నాలుగు బటన్లున్న పేజీకి మెగాబైట్ల కొద్దీ స్క్రిప్టు తోసేది నేనూ, మీరూ. బండి ముసలిదవ్వలేదు, మనం ఓవర్‌లోడ్ చేశాం.

సరుకుని బట్టి బండి అనగానే మా రైలు బస్సు గుర్తొస్తుంది. బొబ్బిలి నుంచి సాలూరుకి పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ కొద్ది దూరానికి, ఆ కొద్దిమందికి పెద్ద రైలు దండగ. అలాగని లైను మూసెయ్యలేదు. పట్టాల మీద ఒక్క పెట్టె రైలు బస్సు నడిపారు, ఏళ్ళ తరబడి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్‌తో దేశమంతా రైళ్ళు ఆగినప్పుడు అదీ ఆగింది. చిన్నప్పుడు దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళం, ఇదీ ఒక రైలేనా అని. ఇప్పుడాలోచిస్తే మంచి ఇంజనీరింగ్ నిర్ణయం అనిపిస్తుంది. మార్చాల్సింది ఏమిటో, ఉంచాల్సింది ఏమిటో తెలిసి చేసిన పని.

ఇంతవరకూ చదివి వీడు పాతదంతా బంగారం అంటున్నాడనుకోకండి. మా ఇంట్లోనే రెండు దెబ్బలు తిన్నాం, రెండూ ఎదురెదురు దెబ్బలు.

మొదటిది పెదనాన్నది. ఆయనకి ఒక పాత లారీ ఉండేది. మొదటిసారి బోరు చేయించాడు, నాలుగేళ్ళు నడిచింది. రెండోసారి చేయించాడు, మూడేళ్ళు. ఆ తర్వాత ఒకసారి ఘాట్‌లో పక్కకి ఒరిగి ఛాసిస్ దూలం వంగింది. షెడ్డులో అందరూ వద్దన్నారు. ఈయన వినలేదు, అతుకులు వేయించి, కొత్త తొట్టి కట్టించి, రంగులు కొట్టించాడు. ఆర్నెల్లు తిరక్కుండానే అతుకు దగ్గరే చీలింది. పెట్టిందంతా ఇనుము రేటుకి పోయింది. "బండి మీద మమకారంతో సేసేను గానీ లెక్కతో సెయ్యలేదు" అంటాడు ఇప్పుడు.

రెండోది అన్నయ్యది. నాన్నలా పాతవి పట్టుకు వేళ్ళాడనని 2018లో ఫైనాన్సు మీద కొత్త బీఎస్ 4 లారీ తీశాడు. బాగానే తిరిగింది. 2020 మార్చిలో లాక్‌డౌన్. రిజర్వు బ్యాంకు ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకునే వీలిచ్చింది, కానీ వడ్డీ ఆగలేదు, బాడుగలు వెంటనే రాలేదు. మరుసటేడు బండి ఫైనాన్సు వాళ్ళ యార్డుకి వెళ్ళింది. వదిన గాజులు అంతకుముందే వెళ్ళాయి. అందుకే వాయిదా అంటే మా ఇంట్లో నిశ్శబ్దం.

ఒకాయన మార్చాల్సినప్పుడు బాగు చేయించాడు. ఇంకొకాయన అవసరానికి మించిన అప్పుతో మార్చాడు. ఇద్దరిదీ తప్పని ఇప్పుడు తీర్పు చెప్పడం తేలిక. అప్పుడు వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో.

అయితే లాప్‌టాప్‌కి ఛాసిస్ ఏది? మదర్‌బోర్డు, స్క్రీను, కీలు (మడత దగ్గర విరిగితే చాలా మోడళ్ళలో పై భాగమంతా మార్చాలి). ఇవి పోతే నేనైతే డబ్బు పెట్టను. ఇంకో కనపడని ఛాసిస్ ఉంది, అది సపోర్టు. లారీకి ఎఫ్‌సీ ఎలాగో దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు అలాగ. బండి నడుస్తున్నా కాగితం లేకపోతే రోడ్డెక్కలేం. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. విడిగా నమోదు చేసుకుంటే ఇళ్ళలో వాడేవాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా అప్‌డేట్లు. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. నాది ఐదో తరం. అంటే ఆ కంపెనీ లెక్కలో నా బండి స్క్రాపు.

కానీ లైనక్స్‌కి ఆ పట్టింపు లేదు. పిల్లకి మొదటి ఏడాది కావలసింది సీ, పైథాన్, బ్రౌజరు, రికార్డు రాసుకోవడానికి ఒక ఎడిటరు. సిలబస్ తెప్పించుకుని చూశాను, విండోస్ మీదే నడిచేది ఏదీ లేదు. ఉంటే నా నిర్ణయం వేరేగా ఉండేది.

హైదరాబాద్ తిరిగొచ్చాక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు మండిపోతున్నాయి, కొత్త మిషన్లకీ ఆ సెగ తగులుతోంది. నాది పాత డీడీఆర్3 రకం కావడం ఈసారి కలిసొచ్చింది, వాడిన ఎనిమిది జీబీల ముక్క ఒకటి దొరికింది. ఒక ఎస్సెస్డీ, ఒక బ్యాటరీ. వెనక మరలు విప్పి ఫ్యాన్‌లో దుమ్ము దులిపితే చిన్న ఎలకపిల్లంత వచ్చింది. ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాను. మొత్తం ఏడు వేలు దాటలేదు. ఆన్ చేసిన పాతిక సెకన్లకి డెస్క్‌టాప్. అరిసె తీసి నోట్లో పెట్టుకునే టైము కూడా లేదు.

లెక్క ఇలా వేసుకున్నాను. ఏడు వేలతో రెండేళ్ళు నడిస్తే ఏడాదికి మూడున్నర వేలు. అరవై వేలది ఆరేళ్ళు మన్నితే ఏడాదికి పదివేలు, వడ్డీ కాకుండా. కొత్తదానికి స్క్రీను బాగుంటుంది, వేగం ఇంకా ఎక్కువ, నిజమే. మూడో ఏడాదిలో ప్రాజెక్టులకి ఇది చాలకపోవచ్చు. అప్పుడు కొందాం, చేతిలో డబ్బుతో, ఏం కావాలో తెలిసి. కొనేటప్పుడు మాత్రం షాపువాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ర్యామ్ ఎంత అని కాదు, ర్యామ్ విప్పొచ్చా అని.

బస్సు పార్సిల్లో పంపాను. అందిన రోజు రాత్రి పిల్ల ఫోన్ చేసింది.

"బాబాయ్, స్పీడుగానే ఉంది. కానీ మూత మీద గీతలున్నాయి, కాలేజీలో నవ్వుతారేమో."

నాకు చటుక్కున జవాబు తట్టలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఏడాదికి మూడున్నర వేల లెక్క చెప్తే ఏం లాభం? రైలు బస్సుని చూసి నవ్విన వాణ్ణి, నాకు తెలుసు. ఈలోపు వెనకాల్నించి పెదనాన్న గొంతు: "ఆ గీతలదేటుందే, మన షెడ్డుకి తెచ్చీ, పెయింటర్ సేత రంగేయించీస్తాను!"

వద్దని బతిమాలి ఆపాం. ఆపకపోతే మూత మీద రెండు నెమళ్ళు, కింద "హారన్ ప్లీజ్" ఖాయం.

మీ అటక మీద కూడా ఒకటి ఉండే ఉంటుంది. ముసలిదైపోయిందనే ముందు ఒకసారి మూత తీసి, ఎక్కడ అరిగిందో చూడండి.